రహస్యం గడిలో రాసినది

1997 అక్టోబరు 4, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పాండురంగ ఇసిపింగో హిల్స్‌లో ఒక ఇంటి ముందు కారు ఆపాడు. పక్క సీట్లో కూతురు తేజశ్రీ ఉంది. ఆమెకు పద్నాలుగేళ్ళు. తలుపు తీసే ముందు తండ్రికి మూడు మాటలు చెప్పింది.

“నాన్నా, ప్రశ్నలు వెయ్యకు. వాళ్ళ తప్పులు దిద్దకు. ఎవర్నీ లెక్కల్లో ఎన్ని మార్కులని అడక్కు.”

“మరి నేనేం చెయ్యాలి?”

“కూర్చో. అంతే.”

ఇండియా నుంచి వచ్చిన తేజశ్రీ జనవరిలో ఇక్కడి బడిలో చేరింది. తొమ్మిది నెలల్లో ఆమెను ఎవరైనా ఇంటికి పిలవడం ఇదే మొదలు. పిలిచింది క్లాసులో పక్క బల్ల మీద కూర్చునే లెషన్యా. శనివారాలు వాళ్ళ గరాజులో ఒక ఆట జరుగుతుంది. అందులో ఎవరికి వాళ్ళు ఒక మనిషిని కల్పించుకుని ఆ మనిషిలా మాట్లాడతారు. బుధవారం నుంచి ఇంట్లో తేజశ్రీ ఇంకో విషయం ఎత్తలేదు. తన మనిషి పేరు నీల అని, విలుకత్తె అని, దాని విల్లు పొడవు ఇంత అని తల్లికి వంటింట్లో నిలబడి చెప్పింది. పాండురంగ పక్క గదిలోంచి విన్నాడు. కూతురు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి చాలా కాలమైంది.

అప్పుడు ఆయన చొక్కా జేబులో ఒక ఉత్తరం ఉంది. ఇప్పుడూ ఉంది. కంపెనీ ఇచ్చిన ఉత్తరం, తారీఖు సెప్టెంబరు 23. ఆయన వర్క్ పర్మిట్ నవంబరు 30తో ముగుస్తుందని, పొడిగింపు కోసం కంపెనీ దరఖాస్తు చెయ్యబోవడం లేదని అందులో ఉంది. ఆ పని చెయ్యగల మనిషి ఈ దేశంలోనే ఉంటే పర్మిట్ పొడిగించరు. మనిషి ఉన్నాడు. పేరు ఎర్నెస్ట్. ఏడాదిన్నర పక్కన పెట్టుకుని అతనికి పని నేర్పింది పాండురంగ. జూలైలో అతని శిక్షణ పుస్తకంలో ‘ఒంటరిగా తనిఖీ చెయ్యగలడు’ అని రాసి సంతకం పెట్టిందీ ఆయనే. అది నిజం. అందుకని రాశాడు.

ఉత్తరం సంగతి ఇంట్లో చెప్పలేదు. తేజశ్రీ పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాడు. ఇంతలో ఈ పిలుపు వచ్చింది. అది వచ్చాక నోరు తెరవడం ఆయనవల్ల కాలేదు.

గేటు దగ్గర లెషన్యా నానమ్మ ప్రేమీ నిలబడి ఉంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. పిల్లలు ఆమెను అవ్వ అని పిలుస్తారు. ఆమె తాత చెరుకు తోటల్లో పని చెయ్యడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చాడు. ఆయన మాట్లాడిన తెలుగులో కొంత ఆమె దగ్గర మిగిలింది. కొడుకులకూ మనవలకూ అదీ లేదు.

“రా అయ్యా, రా. నువ్వు ఇండియా తెలుగు గదా? నా తెలుగు ఇరిగిపోయింది. నవ్వకు.”

“నవ్వనమ్మా.”

“ఈ రోడ్డు మీద ఒక పాస్టర్ ఉండు. నా గరాజులో పిల్లకాయలు దెయ్యం పిలుస్తది అని ఇంటింటికీ పోయి చెప్పు. నాకు కోపం. నేను రూల్ పెట్టు. కొత్త పిల్ల వస్తే నాయినో అమ్మో ఒక దినం వచ్చి కూకోవాల. రెండు కళ్ళతో సూడాల. తర్వాత ఎవడికైనా నోరుంటే నా దగ్గర రావాల.”

“జూదం లాంటిది ఏమైనా ఉందా అమ్మా? పాచికలున్నాయని మా అమ్మాయి చెప్పింది.”

“ఐకోనా! లేదు, లేదు! నా ఇంట్లో జూదమా? పాచికలు ఏస్తది, అరుస్తది, నా వడలు తింటది. ఫినిష్.”

తేజశ్రీ తండ్రి మోచెయ్యి లాగింది. అప్పటికే ఒక ప్రశ్న అయిపోయింది.

గరాజులో కారు లేదు. రెండు డ్రమ్ముల మీద పాత తలుపు ఒకటి పడుకోబెట్టి దాన్ని బల్ల చేశారు. గొళ్ళెం ఇంకా ఉంది. బల్ల ఆ చివర లెషన్యా అన్న జివేష్ కూర్చున్నాడు. యూనివర్సిటీలో రెండో ఏడు. ఆట నడిపేది అతను. తన ముందు అట్టలు నిలబెట్టి గోడలా కట్టుకున్నాడు. ఆ వెనక ఏమున్నదీ ఎవరికీ కనపడదు. ఈ పక్క లెషన్యా, ఆమె పక్కన లయొనెల్ అనే పదిహేడేళ్ళ అబ్బాయి. నాలుగో కుర్చీ తేజశ్రీది. ఐదోది ఖాళీ.

పాండురంగ గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

పిల్లలు మాట్లాడేది ఇంగ్లీషు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. పావుగంట విన్నాడు. ఒక్కో మాట అర్థమైంది. మొత్తం కలిపితే ఏమిటో తెలియలేదు. లయొనెల్ తనకు పదహారు దెబ్బలు మిగిలాయన్నాడు. అతని ఒంటి మీద దెబ్బేమీ లేదు. లెషన్యా తనకు మూడు వందల ఏళ్ళు నిండాయంది.

జివేష్ కాగితాలు తిరగేసి తల పట్టుకున్నాడు. ఐదో కుర్చీ వాడు క్రికెట్ సెలక్షన్‌కి వెళ్ళాడు. ఇవాళ్టి ఆటలో ఒక రేవు పట్నం ఉంది. దాని ద్వారం దగ్గరికి నలుగురు కలిసి రావాలి. ముగ్గురుంటే కుదరదు.

“అంకుల్, మీరు ఎలాగూ కూర్చున్నారు కదా. ఆడతారా?”

పాండురంగ కూతురి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ప్లీజ్ అంకుల్,” అంది లెషన్యా. “మీరు ఆడకపోతే ఇవాళ ఆట లేదు.”

తేజశ్రీ కాసేపు పెన్సిలు చూసుకుంది. తర్వాత తల నిలువుగా ఊపింది. పాండురంగ లేచి ఐదో కుర్చీలోకి వచ్చాడు.

“ఈ ఆటలో గెలిచేది ఎలా?”

“ఎవరూ గెలవరు అంకుల్,” అన్నాడు జివేష్.

“మరి ఓడేవాళ్ళు?”

“ఎవరూ ఓడరు. చచ్చిపోవచ్చు. కానీ అది ఓడటం కాదు.”

“ఎన్నింటికి అయిపోతుంది?”

“అవ్వ లైటు ఆర్పేసినప్పుడు. కానీ నిజానికి అయిపోదు. వచ్చేవారం అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఇది ఫిబ్రవరి నుంచి నడుస్తోంది.”

బల్ల కింద తేజశ్రీ ఆయన కాలు తొక్కింది.

జివేష్ ఒక ఫారం ఇచ్చాడు. ఫోటోకాపీకి ఫోటోకాపీ. పేరు, జాతి, వయసు, వృత్తి, బలం, తెలివి, తాళే శక్తి, వెంట తెచ్చుకున్న సామాను అని గడులు ఉన్నాయి. పాండురంగ జేబులోంచి పెన్ను తీశాడు. ఈ దేశానికి వచ్చినప్పటి నుంచి ఆయన పదకొండు ఫారాలు నింపాడు. ప్రతి దాని అడుగున ఒక వాక్యం ఉండేది. పైన చెప్పినదాంట్లో అబద్ధం తేలితే పర్మిట్ రద్దు చేస్తామని. ఆయన ముందు ఆ వాక్యం కోసం చూశాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. లేదు. ఉన్నట్టే రాయడం మొదలుపెట్టాడు.

ఆయన పని బాయిలర్ల తనిఖీ. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు, ఇక్కడ దాదాపు రెండేళ్ళు. గేజీ పదమూడున్నర చూపిస్తే పదమూడున్నర రాయాలి. గుండ్రంగా ఉంటుందని పద్నాలుగు రాస్తే ఏదో ఒకనాడు మనుషులు పోతారు. కాకినాడలో ఆయన చేరిన ఏడు అలా ఇద్దరు పోయారు.

పేరు దగ్గర పాండురంగ అని రాశాడు. జాతి దగ్గర ఇండియన్. వయసు నలభై నాలుగు. వృత్తి బాయిలర్ ఇన్‌స్పెక్టర్. సామాను: కళ్ళజోడు, పెన్ను, టార్చిలైటు, బీపీ మాత్రలు.

లయొనెల్ పక్క నుంచి చదివి బల్ల మీద తల పెట్టి నవ్వాడు. “ఎయ్ జివేష్, అంకుల్ తననే రాసుకున్నాడు! బీపీ మాత్రలంట!”

తేజశ్రీ మొహం చేతుల్లో దాచుకుంది.

“అంకుల్,” అన్నాడు జివేష్, “జాతి దగ్గర కోసు చెవుల ఎల్ఫ్ అనో, మరుగుజ్జు అనో, మనిషి అనో రాయాలి. మీ ఇష్టం.”

“నా ఇష్టమా? అది ఇష్టాన్ని బట్టి ఎలా ఉంటుంది?”

“తెల్లవాళ్ళ పాలనలో ఆ గడి మా వాళ్ళు నలభై ఏళ్ళు నింపారు అంకుల్,” అన్నాడు లయొనెల్. “ఆఫీసు వాళ్ళు చెప్పిందే రాయాల్సొచ్చేది. ఇక్కడ మనం చెప్పింది రాస్తాం. ఇంకెందుకనుకున్నారు ఆడుతున్నది? నేనైతే మరుగుజ్జుని.”

లయొనెల్ ఆరడుగులుంటాడు. పాండురంగ ఇండియన్ కొట్టేసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టి, మనిషి అని రాశాడు.

బలం పాచికలు వేసి తేల్చాలన్నారు. బలం పాచికలో ఎలా తేలుతుందో ఆయనకు అర్థం కాలేదు. బలమంటే ఎత్తగలిగిన బరువు. తాను పాతిక కిలోలు ఎత్తగలనని, నడుం నొప్పి ఉంటే పదిహేను అని చెప్పాడు. జివేష్ మూడు పాచికలు చేతిలో పెట్టి వెయ్యమన్నాడు. తొమ్మిది పడింది.

“తొమ్మిది ఏమిటి? కిలోలా?”

“ఉత్తి తొమ్మిది అంకుల్.”

“ప్రమాణం లేకుండా అంకె ఎలా?”

“నాన్నా,” అంది తేజశ్రీ తెలుగులో, “తొమ్మిది అని రాయి. నీకు దండం పెడతాను.”

ఆయన తొమ్మిది అని రాశాడు.

అంతలో ఎయిర్‌పోర్టుకి దిగే విమానం ఒకటి ఇంటి మీదుగా వెళ్ళింది. అందరూ మాట ఆపారు. లయొనెల్ పాచికల మీద చెయ్యి కప్పాడు, అదిరి దొర్లకుండా. శబ్దం పోయాక చెయ్యి తీశాడు.

ఫారంలో ఆఖరి గడి రహస్యం.

“ఇందులో ఏం రాయాలి?”

“మీ మనిషి గురించి మిగతావాళ్ళకి తెలియని సంగతి ఒకటి,” అన్నాడు జివేష్. “మేం ఎవరం చూడకుండా రాసి మడిచి నాకివ్వండి. నేను తప్ప ఎవరూ చదవరు. అంకుల్, ఇదొక్కటి మాత్రం కల్పించండి. ఏదైనా ఫర్వాలేదు. మనిషిని చంపానని రాయండి. రాకుమారుణ్ణని రాయండి.”

పాండురంగ కాగితాన్ని చెయ్యి అడ్డం పెట్టి దగ్గరికి లాక్కున్నాడు. రాకుమారుణ్ణని రాద్దామనుకున్నాడు. పెన్ను కాగితం మీద పెట్టాడు. ఏ రాజు కొడుకు, ఏ ఊరు, తల్లి ఎవరు అన్నది తోచలేదు. మనిషిని చంపానని రాద్దామనుకున్నాడు. ఎవర్ని, ఎందుకు అన్నది తోచలేదు. ఐదు నిమిషాలు గడిచాయి. లెషన్యా ఒక వడ తిని ఇంకొకటి తీసుకుంది. తేజశ్రీ తండ్రిని చూడటం మానేసి విల్లు బొమ్మ గీసుకుంటోంది.

ఆయన దగ్గర రహస్యం ఒకటే ఉంది. అదే రాశాడు. మూడు వాక్యాలు, ఇంగ్లీషులో. కింద తారీఖు వేసి సంతకం పెట్టాడు. మడిచి జివేష్‌కి ఇచ్చాడు.

జివేష్ అట్టల వెనక విప్పి చదివాడు. కనుబొమలు పైకి లేచాయి.

“అంకుల్,” అన్నాడు, “ఇది బాగుంది. చాలా బాగుంది.”

పాండురంగకు అందులో బాగున్నదేమిటో తెలియలేదు.

ఆట మొదలైంది. జివేష్ గొంతు మార్చాడు. నలుగురు బాటసారులు ఉప్పురేవు అనే పట్నానికి వచ్చారు. ద్వారం ముందు కాపలావాడున్నాడు. సముద్రం అవతల ద్వీపానికి వెళ్ళాలంటే ఈ ద్వారం దాటాలి.

“ఏం చేస్తారు?”

“గొడ్డలి తీస్తా,” అన్నాడు లయొనెల్.

“నిద్రమంత్రం వేస్తా,” అంది లెషన్యా.

“నేను గోడ ఎక్కుతా,” అంది తేజశ్రీ. గొంతు గట్టిగా ఉంది. పాండురంగ ఆమెవైపు తిరిగి చూశాడు. బడిలో మాస్టర్లు ఈమె గొంతు వినపడదని రిపోర్టులో రాశారు.

“అంకుల్, మీరు?”

“లైన్ ఎక్కడుంది?”

“ఏ లైన్?”

“కాపలావాడి దగ్గరికి అందరూ ఒక్కసారి వెళ్ళరు కదా. లైన్ ఉంటుంది. నేను దాని చివర నిలబడతాను.”

జివేష్ కాగితాలు చూశాడు. వాటిలో లైన్ లేదు. “సరే, ఉంది. పదిహేను మంది ఉన్నారు.”

“కాగితాలు ఏమేం కావాలో రాసిన బోర్డు ఉందా?”

లయొనెల్ మళ్ళీ తల బల్లకు ఆనించాడు. ఈసారి తేజశ్రీ కూడా నవ్వింది. లెషన్యా ఆమె భుజం మీద కొట్టి నవ్వింది. తను ఏమన్నాడని నవ్వుతున్నారో పాండురంగకు తెలియలేదు. కానీ కూతురు నవ్వుతోంది. అందుకని బోర్డు ఏ భాషలో ఉందని కూడా అడిగాడు.

జివేష్ లేచి నిలబడ్డాడు. లైన్ కదిలిందన్నాడు. పదిహేను మంది వెళ్ళిపోయారు. కాపలావాడు పాండురంగ పేరు అడిగాడు. పుస్తకం తెరిచాడు. పేజీలు తిప్పాడు. ఒక చోట వేలు ఆపాడు.

“పాండురంగ,” అన్నాడు జివేష్ కాపలావాడి గొంతుతో. “రాజు నీకిచ్చిన ముద్ర పదకొండో నెల ముప్ఫయ్యో రోజుతో చెల్లదు. దాన్ని పొడిగించడం లేదు. ఆ తర్వాత నువ్వు ఈ రాజ్యంలో కనపడకూడదు. ఈ సంగతి నీకు తెలుసు. నీతో వచ్చిన వీళ్ళకి నువ్వు చెప్పలేదు.”

“హో!” అన్నాడు లయొనెల్.

పాండురంగ పెన్ను కింద పెట్టాడు. “ఇది ఎవరికీ చెప్పనన్నావు.”

“నేను చెప్పలేదు అంకుల్. కాపలావాడు చెప్పాడు.”

పాండురంగ అతని మొహం చూశాడు. అబద్ధమాడుతున్నట్టు లేదు.

“ఎందుకు పొడిగించరు?” అని లయొనెల్ అడిగాడు. “దొంగతనం చేశావా అంకుల్?”

“అది రాజుకే తెలియాలి,” అన్నాడు జివేష్.

“కాదు,” అన్నాడు పాండురంగ. తప్పు దిద్దకుండా ఉండటం ఆయనకు చేతకాలేదు. “రాజు తప్పేం లేదు. ఆ పని చెయ్యగల మనిషి ఊళ్ళోనే ఉన్నాడు. అతనికి పని నేర్పింది నేనే. వచ్చిందని సంతకం పెట్టిందీ నేనే.”

“అంకుల్ కథ పెంచుతున్నాడు,” అన్నాడు లయొనెల్. “నాకు అంకుల్ నచ్చాడు జివేష్. క్రికెట్ వాణ్ణి తీసెయ్.”

తేజశ్రీ నవ్వడం ఆపింది. ఎర్నెస్ట్ ఆగస్టులో వాళ్ళింటికి భోజనానికి వచ్చాడు. ఆమె చేతే ఆవకాయ వడ్డింపించుకున్నాడు. సంతకం పెట్టిన పుస్తకం చూపించాడు. ఇంట్లో పాస్‌పోర్టుల మీద స్టాంపులు ఆమె చాలాసార్లు చదివింది. తండ్రి రెండు సార్లు రాకుమారుడి కథ చెప్పబోయి మధ్యలో ఆగిపోయిన చిన్నప్పటి రాత్రులు ఆమెకు గుర్తున్నాయి. కథ చెప్పడం ఆయనకు రాదు.

జివేష్ ఆమెవైపు తిరిగాడు. “నీల, నువ్వు గోడ మీదున్నావు. అంతా విన్నావు. ఏం చేస్తావు?”

“ఆయన్ని ఒకటి అడగొచ్చా?”

“అడుగు.”

ఆమె తెలుగులో అడిగింది. “ఎప్పుడు తెలిసింది?”

“పదకొండు రోజులైంది,” అన్నాడు పాండురంగ.

“అమ్మకి?”

“తెలీదు.”

“నాకెప్పుడు చెబుదామనుకున్నావు?”

“నీ పరీక్షలయ్యాక.”

“పరీక్షలయ్యేది నవంబరు ఇరవై ఎనిమిదిన.”



లెషన్యా చప్పట్లు కొట్టింది. “విన్నారా? వాళ్ళ రాజ్యం భాషలో మాట్లాడుకుంటున్నారు! జివేష్, మాకెందుకు లేదు భాష?”

గరాజు తలుపు దగ్గర ప్రేమీ టీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు. ట్రేని బల్ల మీద పెట్టలేదు. పాండురంగను చూసింది, పిల్లను చూసింది.

“అవ్వా, టీ,” అన్నాడు లయొనెల్.

“ష్, నోరు ముయ్,” అంది ప్రేమీ.

“సరే, నీల,” అన్నాడు జివేష్. “ఏం చేస్తావు? బాణం వేస్తావా? ఆయన్ని గోడ మీదికి లాగుతావా?”

“కాపలావాడి గొంతు కోద్దాం,” అన్నాడు లయొనెల్.

“అంకుల్‌ని ఎల్ఫ్‌లా మార్చేస్తా,” అంది లెషన్యా. “ఎవరూ గుర్తుపట్టరు. చెవులు చాలు.”

తేజశ్రీ ఇంకో విమానం వెళ్ళేదాకా ఆగింది. లయొనెల్ చెయ్యి పాచికల మీద ఉంది. అది తీశాక చెప్పింది.

“గోడ దిగుతాను. లైన్లో ఆయన వెనక నిలబడతాను.”

“ఆ తర్వాత?”

“అంతే. నిలబడతాను.”

జివేష్ అట్టల వెనక కాగితాలు తిప్పాడు. ముందుకీ వెనక్కీ తిప్పాడు. “అలా చేస్తే ఏమవుతుందో నా దగ్గర లేదు,” అన్నాడు. “పాచిక వెయ్యాలా, అక్కర్లేదా అన్నదీ తెలీదు. ఊరికే నిలబడితే ఏమవుతుంది?”

“నాకూ తెలీదు,” అంది తేజశ్రీ.

ఆట అక్కడ ఆగింది. జివేష్ వచ్చేవారానికి ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఐదు గంటలు కాలేదు. ప్రేమీ లైటు ఆర్పలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు కూడా. టీ తాగారు.

పాండురంగ కారు దగ్గరికి వచ్చేసరికి ప్రేమీ వెనక వచ్చింది. చేతిలో వడల పొట్లం ఉంది. దాన్ని కిటికీలోంచి సీటు మీద పెట్టింది.

“అయ్యా, ఆ పిల్లకాయలకి తెల్దు. నాకు తెలుసు.”

“అవునమ్మా.”

“మా తాత కాగితం మీద ఐదేండ్లు అని రాయు. ఐదు. ఓడలో వచ్చినప్పుడు. సూడు.” ఆమె ఇంటివైపు, గరాజువైపు చెయ్యి చూపించింది. “మేం ఉన్నం.”

ఆ కాగితం వేరు, ఈ కాగితం వేరు అని చెబుదామనుకున్నాడు పాండురంగ. అప్పుడు వాళ్ళకు మనుషులు కావలసి వచ్చారు. ఇప్పుడు మనిషి దొరికాడు. అయినా ఆమె చెప్పింది లెక్కప్రకారం తప్పు కాదు.

“పెండ్లానికి చెప్పలేదా?”

“లేదమ్మా.”

“గాడిద,” అంది ప్రేమీ. ఆ మాట మాత్రం ఇరగకుండా వచ్చింది.

తేజశ్రీ, లెషన్యా గేటు దగ్గర ఏదో మాట్లాడుకుని విడిపోయారు. జివేష్ పరుగున వచ్చి పాండురంగ ఫారం తన దగ్గరే ఉంచుకోవచ్చా అని అడిగాడు. అందరి ఫారాలూ ఒక బిస్కెట్ల డబ్బాలో పెడతారట.

“అంకుల్, ఆ రహస్యం ఎలా తట్టింది మీకు? నేను ఫిబ్రవరి నుంచి ఒక్కటీ అలాంటిది రాయలేకపోయాను.”

“తట్టలేదు,” అన్నాడు పాండురంగ. “రాశాను.”

జివేష్ తల ఊపాడు. అర్థమైనట్టు ఊపాడు.

కారు కొండ దిగింది. తేజశ్రీ ఒళ్ళో పొట్లం పెట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టింది.

“ఎనిమిది శనివారాలున్నాయి,” అంది.

“ఎనిమిదే.”

“ఎనిమిదికీ వెళ్తాను.”

“వెళ్ళు.”

“నువ్వూ రావాలి. నువ్వు లైన్లో ఉన్నావు.”

సిగ్నల్ పడింది. పాండురంగ ఆగాడు. “ఆ కాపలావాడు నన్ను లోపలికి పంపిస్తాడా?”

“తెలీదు నాన్నా. జివేష్‌కే తెలీదు.”

“మరి ఆట నడిపేది అతనే కదా?”

“నడిపేవాడికి అన్నీ తెలుస్తాయని ఎవరన్నారు?”

ఆయనకు అది కూడా అర్థం కాలేదు. సిగ్నల్ మారింది.

వాళ్ళుండేది రైలు స్టేషను దగ్గర ఒక బట్టల కొట్టు మీద మేడ. మెట్లు బయటి నుంచి ఉన్నాయి. పాండురంగ కారు తాళం వేసి మొదటి మెట్టు ఎక్కి ఆగాడు. ఎప్పుడూ తేజశ్రీ ముందు పరిగెత్తి బెల్లు కొడుతుంది. ఇవాళ ఆమె ఆయనకు ఒక మెట్టు కింద నిలబడింది.

“వెళ్ళు,” అన్నాడు.

“నువ్వు వెళ్ళు. నేను నీ వెనక ఉన్నాను కదా.”

ఆయన ఎక్కాడు. పద్దెనిమిది మెట్లు. ఆమె అడుగులు వెనక వినపడుతున్నాయి. ఆయన ఆగితే ఆగుతున్నాయి. రెండు సార్లు ఆగాడు.

భానుమతి తలుపు తీసింది. చేతికి పిండి ఉంది.

“వచ్చారా? ఆట ఎలా ఉంది? ఎవరు గెలిచారు?”

పాండురంగ వెనక్కి చూశాడు. తేజశ్రీ అక్కడే నిలబడి ఉంది.

“చెయ్యి కడుక్కుని రా,” అన్నాడు భార్యతో. జేబులోంచి ఉత్తరం తీశాడు. నాలుగు మడతలు పడి ఉంది. గుమ్మంలో నిలబడే ఒక్కో మడతా విప్పడం మొదలుపెట్టాడు.